కదలిపోయే బొమ్మలు – నిలువలేని చూపులు

మానవుడు అక్షరాన్ని కనిపెట్టక పూర్వమే బొమ్మ గీయడం నేర్చినాడు. గుహల గోడల మీది జంతువుల బొమ్మలు మొదలు నేడు అరచేతిలోని సెల్‌ఫోన్ తెర మీద మెరిసే ఛాయాచిత్రం వరకు ఆ మమకారం చెక్కుచెదరలేదు. అయితే బొమ్మను తయారుచేయడం ఒక విద్య. బొమ్మను చూపడం మరొక విద్య. మొదటిదాన్ని గురించి గ్రంథాలు కొల్లలుగా ఉన్నవి. రెండవదాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. ప్రతి సంస్థా ఇంటర్నెట్టులో ఒక ఫొటో గ్యాలరీ తెరుస్తున్న ఈ కాలంలో ఆ రెండవ విద్యే మనకు మిక్కిలి అవసరమైనదని మా అభిప్రాయం. దానిని గురించే ఈ వ్యాసంలో నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

మన కళాశాల వార్షిక సంచికను చేత పట్టినవారికి ఒక విశేషం తెలిసే ఉంటుంది. దీనికి ముఖపత్రాలు రెండు. ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు. మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ. తెలుగువారు వెనుక అట్ట అనుకొనేదే ఉర్దూవారికి ముందు అట్ట. రెండు భాషలూ రెండు దిక్కుల నుండి నడచివచ్చి, నడుమ ఆర్టు కాగితం మీద అచ్చయిన గ్రూపు ఫొటోల వద్ద కలుసుకొంటవి. రచనలు చదివినా చదవకపోయినా ఆ నడిమి పుటలను తిరగవేయని విద్యార్థి లేడు. ఏండ్లు గడచిన తరువాత ఇండ్లలో సంచిక మిగిలేది కూడా ఆ నాలుగు పుటల కోసమే.

ఆ పాత ఫొటోలన్నిటినీ కళాశాల వెబ్‌సైటులో ఉంచాలని కమిటీవారు సంకల్పించినారు. సంకల్పం మిక్కిలి శ్లాఘనీయమైనది. నిరుడు కంప్యూటరు విభాగపు విద్యార్థులు కొందరు ఉత్సాహంతో ఒక నమూనా తయారుచేసినారు. ప్రూఫులు చూచే భారం మా మీద పడినది. ఆ నమూనా నేర్పిన పాఠమే ఈ వ్యాసానికి మూలం.

ఒక తల్లి చూపిన తప్పు

అడ్మిషన్ల రోజులలో కోవూరు దాటి సముద్రతీరానికి చేరువలో ఉన్న ఒక పల్లె నుండి ఒక తల్లి తన చిన్న కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చినది. భర్త ఈ కళాశాలలోనే చదివినాడని, కుర్రవాడు ఒడిలో ఉండగానే మరణించినాడని, ఆయన చదువుకొన్న నాటి ఫొటో ఒక్కటీ ఇంట లేదని మాటల సందర్భంలో చెప్పినది. మేము గర్వంగా ఆ నమూనా గ్యాలరీని తెరిపించి 1989–90 సంవత్సరపు సంచికను చూపించినాము.

బొమ్మలు తమంతట తామే కదలసాగినవి. ఒక్కొక్కటి మూడు సెకండ్లు. ఒక గ్రూపు ఫొటో రాగానే ఆ తల్లి తెర మీదికి వంగినది. వేలు చాపేలోగా బొమ్మ వెళ్లిపోయినది. పక్కనున్న విద్యార్థి వెనుకకు పోదామని బాణం గుర్తు నొక్కినాడు. తెరచి ఉన్నది ఉర్దూ పుట కాగా, బాణాలు మాత్రం తెలుగు పుట నుండి తెచ్చి అతికించినవి. బొమ్మ వెనుకకు రాక ఇంకొకటి ముందుకు పోయినది. చివరకు తెలుగు పుటకు మారి ఎలాగో ఆ ఫొటోను నిలిపినాము. ఆమె నిలుచున్నవారి వరుసలో ఒక ముఖం మీద వేలు పెట్టినది. మేము శీర్షికలో లెక్కించి పేరు చదివినాము.

"మా ఇంటాయన మొగం నాకు తెలీదా సార్? ఈ పేరు ఆయనది కాదు" అన్నది ఆమె.

ఆమె చెప్పినదే నిజం. ఆ ఫొటో కింద సంచికలో ఉన్న శీర్షిక ఉర్దూలోనిది. ఉర్దూలో గ్రూపు ఫొటో పేర్లను "దాయేఁ సే బాయేఁ", అనగా కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. మనం తెలుగులో "ఎడమ నుండి కుడికి" అని వ్రాస్తాము. శీర్షికను తెలుగు చేసినవారు పేర్లను ఉన్న వరుసలోనే ఉంచి, తలకట్టును మాత్రం అలవాటు చొప్పున "నిలుచున్నవారు – ఎడమ నుండి కుడికి" అని మార్చినారు. ఫలితంగా ఆ వరుసలో నట్టనడుమ నిలిచినవానికి తప్ప తక్కిన వారందరికీ పరాయి పేర్లు దక్కినవి. ఆ ప్రూఫు చూచినది మేమే. ఆ తప్పులో మాకూ వాటా ఉన్నది.

మరణించిన మనిషికి మిగిలేది ముఖమూ పేరూ. ఆ రెండింటినీ విడదీసిన గ్యాలరీ ఎంత అందంగా ఉంటే మాత్రం ఏమి ప్రయోజనం?

బొమ్మ పక్కన మనిషి

వరుసగా బొమ్మలు చూపుతూ కథ చెప్పడం మనకు క్రొత్త కాదు. తెలంగాణములోని చేర్యాల నకాషీ చిత్రకారులు పలు గజాల పొడవైన పటాల మీద కుల పురాణాలను గళ్లు గళ్లుగా చిత్రించినారు. కథకులు ఆ పటాన్ని ఊరి నడుమ వ్రేలాడదీసి, ఒక్కొక్క గడిని విప్పుతూ, కర్రతో చూపుతూ, పాడుతూ కథ నడిపినారు. మన తోలుబొమ్మలాటలో దీపం ముందు బొమ్మ నిలిచేది ప్రేక్షకుల రసానుభూతిని బట్టి. మహారాష్ట్రములోని కల్యాణ్ పట్టణంలో మహాదేవ గోపాల్ పట్వర్ధన్ 1892లో "శాంభరిక్ ఖరోలికా" అనే పేర గాజుపలకల మీది రంగుబొమ్మలను దీపపు కాంతితో తెర మీద చూపినాడు. బొమ్మలు మారుతుంటే వ్యాఖ్యానమూ సంగీతమూ సాగినవి.

తరువాత వచ్చినది స్లైడ్ ప్రొజెక్టరు. కొడాక్ కంపెనీ 1961లో విడుదల చేసిన "కెరోసెల్" యంత్రంలో గుండ్రని పళ్లెం ఉండేది. ఎనభై స్లైడులు అందులో అమరేవి. 2004లో ఆ యంత్రం తయారీ ఆగిపోయినది. కాని పేరు చావలేదు. వెబ్‌సైటు నుదుట గిర్రున తిరిగే ఫొటోల వరుసను నేటికీ కెరోసెల్ అనే పిలుస్తున్నారు.

ఈ పద్ధతులన్నిటిలోనూ సమానమైనది ఒక్కటి ఉన్నది. బొమ్మ పక్కన ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి బొమ్మను కాదు, చూచేవారి ముఖాలను చూచినాడు. వెనుక వరుసలో ముసలమ్మ తల ఎత్తి చూస్తూంటే పటం ముడవలేదు. తరగతిలో ఎవరైనా చేయి ఎత్తితే అధ్యాపకుడు తరువాతి స్లైడు నొక్కలేదు. ఇంటర్నెట్టు గ్యాలరీలో ఆ మనిషి లేడు. అతని స్థానంలో ఒక గడియారం కూర్చున్నది. గడియారానికి కన్ను లేదు. కాబట్టి అతని పనిని చూచేవారి చేతికే అప్పగించాలి. చిత్రప్రదర్శన చూపేవాని ఇష్టం మీద గాక చూచేవాని ఇష్టం మీద నడవాలి. మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క సూత్రమే. తక్కినవన్నీ దాని వివరణలు.

వేగం ఎవరి చేతిలో?

బొమ్మలు తమంతట తాము కదలడం ఆకర్షణీయమన్నది కొందరి వాదం. ఆకర్షణ వేరు, దర్శనం వేరు. కదిలేది కన్నును లాగుతుంది. నిలిచినది మనస్సును లాగుతుంది. పైగా అందరి కన్నూ ఒకే వేగంతో చదవదు. చదువు కొత్తగా నేర్చినవారు, చూపు మందగించిన పెద్దలు, రెండవ భాషలో శీర్షిక కూడబలుక్కొని చదివేవారు మూడు సెకండ్లలో ఏమి చూడగలరు?

ఇది మా సొంత ఊహ కాదు. అంతర్జాల ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ 2008 డిసెంబరులో ప్రకటించిన సౌలభ్య నియమాలలో ఈ విషయం స్పష్టంగా ఉన్నది: తనంతట తాను కదలడం మొదలుపెట్టి, ఇతర విషయాల పక్కన ఐదు సెకండ్లకు మించి కదిలే దేనికైనా ఆపే సాధనం ఉండి తీరాలి. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కూడా సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించినది. కనుక ఆపుదల బటను మనం దయతో ఇచ్చే బహుమానం కాదు, చూచేవారి హక్కు.

మా దృష్టిలో ఇంకొక అడుగు ముందుకు వేయడం మేలు. గ్యాలరీ తెరచినప్పుడు బొమ్మ నిలిచే ఉండాలి. కదలిక కావలసినవారు తామే నొక్కి కదిలించుకొంటారు. బొమ్మ మీద వేలు పెట్టినా, పెద్దది చేసినా ఆ కదలిక తక్షణం ఆగాలి. ఎన్ని బొమ్మలున్నవో, తాము ఎన్నవదాని వద్ద ఉన్నారో "60లో 17" అని కనబడాలి. చివరి బొమ్మ తరువాత చెప్పకుండా మొదటికి పోరాదు.

వేగమన్నది నెట్టు వేగానికి కూడా చెందినది. మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి వంటి తీరప్రాంతాల నుండి మన గ్యాలరీని చూచేవారి చేతిలో తరచుగా చవక సెల్‌ఫోను, పరిమితమైన డేటా ఉంటవి. అరవై ఫొటోలను ఒక్కసారిగా పంపడం అతిథికి అరవై విస్తళ్లు ఒక్కసారి వడ్డించడం వంటిది. మొదట చిన్న బొమ్మలను మాత్రమే చూపాలి. కోరిన దానిని మధ్య పరిమాణంలో పంపాలి. పూర్తి పరిమాణం అడిగినవారికే ఇవ్వాలి. ఒక బొమ్మ చూస్తూ ఉండగా తరువాతి ఒక్కదాన్ని సిద్ధం చేసి ఉంచితే చాలు.

చిన్న బొమ్మల విషయంలో మరొక హెచ్చరిక. అందం కోసం వాటన్నిటినీ చదరంగా కత్తిరించడం పరిపాటి అయినది. గ్రూపు ఫొటో అడ్డంగా పొడవైనది. చదరంగా కత్తిరిస్తే రెండు చివరలూ పోతవి. మన సంచికలలో ఆ చివరల నిలుచున్నదెవరు? ఒక వైపు మన అటెండరు, మరొక వైపు లైబ్రరీలో పుస్తకాలు అందించే సహాయకుడు. ముప్పది సంవత్సరాలు గంట కొట్టినవానిని ఒక ప్రోగ్రాము ఒక్క క్షణంలో ఫొటో నుండి తొలగిస్తున్నది. అది ఎవరి దురుద్దేశమూ కాదు; అలోచన. అలోచన వల్ల జరిగే అన్యాయమే లోకంలో ఎక్కువ.

తరువాత అంటే ఏ వైపు?

ఇప్పుడు మన సంచికకే ప్రత్యేకమైన సమస్యకు వస్తాము. తెలుగు పుటలు తిరగవేసేవానికి "తరువాత" అంటే కుడి వైపు. ఉర్దూ పుటలు తిరగవేసేవానికి "తరువాత" అంటే ఎడమ వైపు. అచ్చు పుస్తకంలో ఈ తగవు లేదు. అట్టలు రెండు కనుక ఎవరి దారి వారిది. తెర మీద అట్ట ఒక్కటే. కుడి బాణమే ముందుకని నిర్ణయిస్తే ఉర్దూ చదివేవారిని ప్రతి బొమ్మకూ వెనుకకు నడిపించినట్లవుతుంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. 1997లో వచ్చిన హెచ్‌టిఎమ్‌ఎల్ నాలుగవ రూపంలోనే పుట ఏ దిక్కు నుండి మొదలు కావాలో చెప్పే ఏర్పాటు ఉన్నది. గూగుల్ సంస్థ తన మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలలో కుడి నుండి ఎడమకు సాగే భాషలకు ముందుకు వెనుకకు పోయే బాణాలను అద్దంలోని ప్రతిబింబం వలె తారుమారు చేయమన్నది. అయితే ప్రదర్శనను నడిపే ముక్కోణపు గుర్తును మాత్రం మార్చవద్దన్నది. ఎందుకనగా ఆ గుర్తు టేపు తిరిగే దిక్కుకు సంకేతమే గాని భాష నడిచే దిక్కుకు కాదు. ఎంత సూక్ష్మమైన వివేచన! మనం ఆలోచించవలసినది ఈ స్థాయిలో.

కాని పుటకు దిక్కు చెప్పినంత మాత్రాన స్లైడ్ షో దానంతట అది తిరగదు. బాణాలు, వేలితో జరిపే దిక్కు, కీబోర్డు మీటలు, బొమ్మలు ప్రవేశించే వైపు – ఈ నాలుగూ ఏకమై మారాలి. మూడు మారి ఒకటి మారకపోతే ఆ తల్లి ఎదుట జరిగినదే మళ్లీ జరుగుతుంది. బాణం పక్కన "తరువాతది" అనీ "అగ్లా" అనీ ఆయా భాషలలో ఒక మాట వ్రాసి ఉంచితే సందేహానికే తావుండదు. గుర్తు కంటె మాట గట్టిది.

పెద్ద బొమ్మ తెరచే పద్ధతిని గురించి కూడా ఒక మాట. 2005లో లోకేశ్ ధాకర్ అనే ప్రోగ్రామరు "లైట్‌బాక్స్" అనే చిన్న సాధనాన్ని వ్రాసినాడు. చిన్న బొమ్మను నొక్కగానే చుట్టూ పుట మసకబారి, నడుమ పెద్ద బొమ్మ వెలుగుతుంది. పుట విడిచి ఎక్కడికీ పోనవసరం లేదు. లోకమంతా దానిని అనుసరించినది. అయితే దానిని అనుకరించినవారిలో పలువురు సెల్‌ఫోనులోని వెనుక బటనును మరచినారు. బొమ్మ మూయడానికి ఆ బటను నొక్కితే గ్యాలరీ మొత్తం మూసుకొనిపోతుంది. మళ్లీ మొదటి నుండి రావాలి. ప్రతి బొమ్మకు తనదైన చిరునామా కల్పిస్తే ఈ చిక్కు తీరుతుంది. దుబాయిలోనో కువైటులోనో ఉన్న అన్నకు "నాన్న ఫొటో ఇదిగో" అని ఒక తమ్ముడు సరాసరి పంపుకొనే వీలు కూడా కలుగుతుంది.

పేరు లేని ముఖం

ఫొటోకు శీర్షిక అలంకారం కాదు, ప్రాణం. ప్రపంచ ప్రసిద్ధమైన వికీపీడియాలో జరిగిన ఒక వివాదం ఈ సత్యాన్ని నిరూపించినది. 2014లో వికీమీడియా ఫౌండేషన్ వారు "మీడియా వ్యూయర్" అనే క్రొత్త ఏర్పాటు తెచ్చినారు. బొమ్మను నొక్కగానే నల్లని నేపథ్యంలో అది నిండుగా కనబడుతుంది. చూపులకు సొగసే. కాని ఆ బొమ్మను ఎవరు తీసినారు, ఎక్కడిది, ఏ షరతుల మీద వాడుకొనవచ్చును అనే వివరాలు మరుగున పడుతున్నవని స్వచ్ఛంద సేవకులు పలువురు ఆక్షేపించినారు. జర్మన్ వికీపీడియా సభ్యులు ఓటు వేసి మరీ వ్యతిరేకించినారు. ఫౌండేషన్ వారు ఆ ఆగస్టులో ఒక ప్రత్యేకాధికారపు తాళం వేసి తమ మాట నెగ్గించుకొన్నారు. తీవ్ర నిరసనల మీదట 2015 నవంబరులో ఆ తాళాన్ని తీసివేసినారు. ఒక బొమ్మ కింది నాలుగు పంక్తుల కోసం అంత పోరాటమా అని నవ్వేవారుండవచ్చు. ఆ తల్లి వేలు తెర మీద నిలిచిన క్షణాన్ని చూచిన మాకు నవ్వు రాదు.

మన శీర్షికలకు ఇంకొక ఆపద ఉన్నది. ఈ సాధనాలలో శీర్షిక ఉంచే గడి ఇంగ్లీషు అక్షరం ఎత్తుకు కొలిచి చేసినది. మన తెలుగు ఒత్తులు పంక్తి కిందికి దిగుతవి. గడి అక్కడ వాటిని నరుకుతుంది. అప్పుడు కృష్ణపట్నం "కృషపటం" అవుతుంది. అబ్దుల్లా "అబులా" అవుతాడు. ముస్తఫా "ముసఫా" అవుతాడు. ఉర్దూ నస్తలీఖ్ లిపిది ఇంతకంటె కష్టం. దాని పదాలు పై నుండి కిందికి ఏటవాలుగా జాలువారుతవి. ఇరుకు గడిలో మొదటి అక్షరం పైన, చివరి చుక్క కింద తెగిపోతవి. తెలుగు, ఉర్దూ వేర్వేరు కుటుంబాల లిపులు. అయినా ఈ ఒక్క గడి ముందర రెండింటి కష్టమూ ఒక్కటే. పంక్తి ఎత్తును పెంచడం ప్రోగ్రాము వ్రాసేవారికి నిమిషం పని. ఆ నిమిషం కేటాయించమనే మా విన్నపం.

శీర్షికను బొమ్మ మీద అచ్చు వేయడం కూడా మానాలి. తెల్లని అక్షరాలు సముద్రపు నురగ మీద కనబడవు. గ్రూపు ఫొటోలో కూర్చున్నవారి ఒడిలోకి ఎక్కుతవి. బొమ్మ కింద వేరుగా, కాపీ చేసుకొనే వీలుగా ఉంచాలి. చూపు లేని విద్యార్థి తెర చదివే సాధనం ద్వారా వినడానికి ప్రతి బొమ్మకూ ఒక వాక్యం వర్ణన జతపరచాలి. "ఫొటో 17" అన్నది వర్ణన కాదు. "క్రీడోత్సవంలో పరుగు పందెం ముగింపు, ముగ్గురు విద్యార్థులు తాడు దాటుతున్నారు" అన్నది వర్ణన.

శీర్షికలో తేదీ ఉండి తీరాలి. మన జిల్లా చరిత్రే ఇందుకు సాక్షి. కందుకూరు ప్రాంతం 1970లో నెల్లూరు నుండి విడివడి క్రొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినది. 2022లో తిరిగి నెల్లూరుకు వచ్చినది. ఆ సంవత్సరమే సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయినది. మన జిల్లా పేరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయినది. తేదీ లేని శీర్షికలో "నెల్లూరు జిల్లా" అన్న మాటకు అర్థమే నిలువదు. 2021 నవంబరు వరదలలో పెన్న పొంగి, పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకొనిపోయినది. అటువంటి ఆపత్కాలపు ఫొటో తేదీ లేకుండా చేతులు మారితే మరుసటి సంవత్సరం వాన పడినప్పుడు నిన్నటి వార్తగా తిరుగుతుంది. పాత బొమ్మ క్రొత్త భయాన్ని పుట్టిస్తుంది.

చూపడానికి హద్దు

చూచేవారి హక్కును గురించి ఇంత చెప్పినాము. చూడబడేవారి హక్కును గురించి చెప్పకపోతే వ్యాసం అసమగ్రమవుతుంది. మొహర్రం రోజులలో నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ ఫొటోలు మన విద్యార్థులు విరివిగా తీస్తారు. మతభేదం లేకుండా జనం నీటిలో నిలిచి రొట్టెలు మార్చుకొంటారు. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు. అదే కోరిక కలవారు అందుకొంటారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె – ఒక్కొక్క రొట్టె ఒక్కొక్క గుండె బరువు. దూరం నుండి తీసిన సమూహ చిత్రం మహోన్నతమైనది. అదే చిత్రాన్ని మన గ్యాలరీలోని పెద్దది చేసే సాధనం ఒక స్త్రీ ముఖం దాకా తీసుకొనిపోతే? సంతాన రొట్టె అందుకొనే ఆమె తన వేదనను దర్గా ఎదుట చెప్పుకొన్నదే గాని లోకం ఎదుట చెప్పుకొనలేదు.

గ్రూపు ఫొటోను పెద్దది చేయడం అవసరం; అక్కడ అందరూ కెమెరా వైపు తలెత్తి నిలుచున్నారు. జనసమూహంలో తెలియక చిక్కిన ముఖాన్ని పెద్దది చేయడం అనవసరం. ఈ తేడాను యంత్రం ఎరుగదు. గ్యాలరీ కూర్చేవారు ఎరగాలి. ఎవరైనా తమ ఫొటో తీసివేయమని కోరితే ప్రశ్నలు వేయక తీసివేసే ఏర్పాటు ప్రతి బొమ్మ కిందా ఉండాలి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసినది. చట్టం లేకపోయినా మర్యాద ఉన్నది. మరొక జాగ్రత్త: సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలో తేదీతో పాటు తీసిన స్థలం కూడా రహస్యంగా నమోదై ఉండవచ్చును. ఒక విద్యార్థిని ఇంటి ముంగిట తీసిన ఫొటో ఆ ఇంటి జాడను లోకానికి చెప్పకుండా, ఎక్కించే ముందే ఆ వివరాన్ని తొలగించాలి.

కదలిక తగిన చోటు

ఇంతకూ స్లైడ్ షోలే వద్దంటారా అని విద్యార్థులు అడుగవచ్చు. అనము. వార్షికోత్సవం నాడు సభాభవనంలో పెద్ద తెర మీద, పాట వినిపిస్తూ బొమ్మలు సాగిపోతే చూడముచ్చటగా ఉంటుంది. అక్కడ వందలమంది కలసి చూస్తారు, పక్కన ఒక వ్యాఖ్యాత ఉంటాడు. 1976 నుండి సంరక్షణ కేంద్రంగా ఉన్న నేలపట్టులో గూడబాతు రెక్కలు విప్పి చెట్టు మీది గూటికి దిగడం, పులికాట్ నీటి మీద ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా లేవడం – ఇటువంటి ఫొటోలను వరుసగా వేగంగా చూపితేనే అర్థం. అక్కడ కదలికే విషయం. కాని గ్రూపు ఫొటోలో విషయం ముఖం. ముఖం నిలకడ కోరుతుంది. విషయాన్ని బట్టి విధానం ఉండాలి గాని, సాధనం చేతిలో ఉన్నది గదా అని అన్నిటికీ వాడరాదు.

కమిటీవారికి, విద్యార్థులకు

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. గ్యాలరీ ఎంత త్వరగా పూర్తి కావాలన్న తొందరను కాస్త సడలించండి. పాత సంచికలలోని బ్లాకు బొమ్మలు చుక్కల కూర్పు; వాటిని తక్కువ నాణ్యతతో స్కాను చేసి చిన్నవి చేస్తే నీటి అలల వంటి చారలు వస్తవి. అసలు ఫొటోలు ఆఫీసు బీరువాలలో దొరికినవి దొరికినట్లు ముందుగా స్కాను చేయించండి. ప్రతి గ్రూపు ఫొటో శీర్షికను ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు పక్కపక్కన కూర్చుండి ముఖం ముఖానికీ పేరు సరిచూడనీయండి. ఇది కంప్యూటరు చేసే పని కాదు. ఆ తరాల పూర్వ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన అధ్యాపకులు, అటెండర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని పిలిచి అడగడానికి ఇదే తరుణం. పదేండ్ల తరువాత ఆ ముఖాలకు పేర్లు చెప్పేవారు ఉండరు.

విద్యార్థులారా! ప్రోగ్రాములు వ్రాసే నేర్పు మీకు ఉన్నది. అందుకు మేము గర్విస్తున్నాము. మీరు తయారుచేసినదాన్ని మొదట మీ స్నేహితులకు చూపకండి. మీ నానమ్మకు చూపండి. చవక ఫోనులో, ఎండలో, చదవడం కష్టమైన కన్నుతో ఆమె తనకు కావలసిన ముఖాన్ని వెదకి, నిలిపి, పెద్దది చేసి, పేరు చదువుకోగలిగితే మీ గ్యాలరీ ఉత్తీర్ణమైనట్లే. మా తెలుగు ఎం.ఏ. చదువులో కావ్యానికి సహృదయుడే ప్రమాణమని నేర్చినాము. గ్యాలరీకి కూడా చూచేవారే ప్రమాణం.

ఆ తల్లి విషయం ముగించి సెలవు తీసుకొంటాము. శీర్షిక సరిచేసినాము. ఆ వరుసను కుడి నుండి లెక్కిస్తే ఆయన పేరు ఆయన ముఖానికే వచ్చినది. ఆ ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి, కింద రెండు భాషలలోనూ పేరు వ్రాయించి, ఆమె కుమారుని చేత ఇంటికి పంపినాము. కుర్రవాడు ఇప్పుడు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం. రాబోయే సంచిక గ్రూపు ఫొటోలో అతడూ నిలుచుంటాడు. అతని పేరైనా అతని ముఖానికే చేరేటట్లు చూడవలసిన బాధ్యత మనందరిదీ.